పాట అయ్యేదాకా

నా చిన్నప్పుడు మా ఊరి కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఓడిపోతే ఆటగాళ్ళు తలలు దించుకుని చకచకా లోపలికి వెళ్ళిపోయేవారు. ఆట అయ్యాక బ్యాండు వాళ్ళు కాలేజీ పాట వాయించడం అప్పుడూ ఉండేది, వినేవాళ్ళే ఉండేవారు కాదు. ఇప్పుడు గెలిచినా ఓడినా జట్టంతా జనం ముందుకి వచ్చి, హెల్మెట్లు చేత్తో పట్టుకుని, పాట చివరిదాకా పాడితే గానీ కదలదు. ఓటమిని తట్టుకోవడం నేర్పడానికి అప్పటి కోచ్ ఈ ఆనవాయితీ పెట్టాడని కాలేజీ వాళ్ళు చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. ఇది మొదలైన రోజు కోచ్ అందరికంటే ముందు లోపలికి పోవడం నేను కళ్ళారా చూశాను.

మాది అమెరికాలో, జార్జియా రాష్ట్రంలో ఒక చిన్న ఊరు. నాన్న రోజూ తెల్లారకముందే అల్ఫారెట్టాలోని ఆఫీస్‌కి డ్రైవ్ చేసుకుంటూ పోయేవాడు. అమ్మ ఆ కాలేజీలోనే లెక్కలు చెప్పేది. ఒక ఏడు వేసవిలో మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న, ఆరు నెలలు ఉండిపోదామని వచ్చాడు. చలి పడదని అమ్మమ్మ రాలేదు. పగలంతా ఇంట్లో ఆయనకి ఏమీ తోచేది కాదు. కిటికీలోంచి వచ్చే పోయే కార్లు చూస్తూ కూర్చునేవాడు. అది గమనించిన పక్కింటి అంకుల్ ఒక శనివారం మా తలుపు తట్టి, తాతయ్యనీ నన్నూ ఆటకి తీసుకెళ్ళాడు.

అంకుల్ కొడుకుని నేను పక్కింటి అన్న అనేదాన్ని. అతను ఆ జట్టులో కిక్కర్. బంతిని కాలితో తన్ని రెండు స్తంభాల మధ్యగా పంపడం అతని పని. ఆ ఒక్క పని తప్ప మిగతా ఆటంతా తాతయ్యకి చివరిదాకా అర్థం కాలేదు. "ఒక్కడి దగ్గర బంతి ఉంటే అంతమంది మీద పడి తొక్కేస్తారేమిటే!" అని నా మీద విసుక్కునేవాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు, అంకుల్‌కి తెలుగు రాదు. ఇద్దరి మధ్యా ఉన్నది ఉప్పునీళ్ళలో ఉడకబెట్టిన వేరుశనక్కాయల పొట్లం. జార్జియాలో అది ఊరూరా దొరికేదే గానీ, తాతయ్యకి మాత్రం సొంత మనిషి కనిపించినంత సంబరం. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని కాయలు ఒలుచుకుంటూ, ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకునేవారు. ఆట అయ్యాక జనం పార్కింగ్ వైపు పరుగులు తీస్తుంటే అంకుల్ మాత్రం టోపీ తీసి గుండెకి ఆనించుకుని, పాట ఆగేదాకా నిలబడేవాడు. అది తాతయ్యకి తెగ నచ్చింది. హరికథకి వెళ్ళి మంగళహారతి కాకుండా లేచిపోయేవాళ్ళంటే ఆయనకి మొదటినుంచీ గిట్టదు. ఆయనా లేచి నిలబడేవాడు.

ఆకులు రాలే రోజుల్లో, పెరట్లో ఆకులు ఊడుస్తూనే అంకుల్ కుప్పకూలిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

అమ్మతోపాటు తాతయ్య, నేను వాళ్ళింటికి వెళ్ళాం. తాతయ్య అంకుల్ భార్య ఎదురుగా చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి, ఎవరితోనూ ఏమీ అనకుండా గుమ్మం వైపు నడిచాడు. అక్కడ అన్న చెయ్యి చాచాడు. తాతయ్య ఆ చెయ్యి చూసి కూడా పట్టుకోకుండా, తల వంచుకుని బయటికి వచ్చేశాడు. అన్న చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది.

మర్నాడు మెయిల్‌బాక్స్ దగ్గర అన్న కనపడి, మీ తాతయ్యకి మా మీద కోపమా అని అడిగాడు. మా నాన్నకి ఆయనంటే ఎంత ఇష్టమో తెలుసా అన్నాడు. ఈ శనివారం ఆడేసి జట్టులోంచి వచ్చేస్తానని, కాలేజీ కూడా మానేస్తానని చెప్పాడు. తను తన్నిన బంతి చూడటానికి ఇక ఎవరున్నారు అన్నాడు.

నేను పరిగెత్తుకెళ్ళి తాతయ్యకి చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది.

"చావు జరిగిన ఇంట్లో వెళ్ళొస్తానని అనకూడదమ్మా. మళ్ళీ అలాంటి పని మీద ఆ గడప తొక్కే గతి పట్టకూడదని. చెప్పా పెట్టకుండా, చెయ్యి కలపకుండా వచ్చెయ్యడమే మర్యాద."

"వాళ్ళకి అదెలా తెలుస్తది తాతయ్యా?"

నేను వెళ్ళి చెప్పొస్తానని అమ్మ అంది. వద్దన్నాడు. బాధపెట్టింది తను, అమ్మ వెళ్ళి చెబితే తీరేది కాదన్నాడు.

శనివారం తాతయ్య, నేను మా పాత చోట్లలోనే కూర్చున్నాం. అంకుల్ సీటు ఖాళీగా ఉంది. తాతయ్య వేరుశనక్కాయల పొట్లం కొన్నాడు గానీ విప్పలేదు. ఆట చివరికి గెలుపోటములు అన్న కాలి మీదికి వచ్చాయి. బంతి స్తంభానికి బయటగా పోయింది. జనం తిట్టుకుంటూ లేచారు. కోచ్ వెళ్ళిపోయాడు, అతని వెనకే జట్టు. అన్న మాత్రం మైదానం మధ్యలో ఒంటరిగా మిగిలాడు.

బ్యాండు పాట అందుకుంది. తాతయ్య లేచి నిలబడ్డాడు. చలి మొదలైనప్పటినుంచీ, నాన్న ఎంత బతిమాలినా తియ్యని మంకీ క్యాప్‌ను తలమీంచి లాగేసి గుండెకి ఆనించుకున్నాడు. చలిగాలికి ఆయన తెల్ల జుట్టు లేచి ఎగురుతోంది. నవ్వు రావలసిన దృశ్యమే. నాకు ఏడుపొచ్చింది.

తల దించుకుని నడుస్తున్న అన్న, అలవాటు కొద్దీ కాబోలు, తండ్రి నిలబడే చోటు వైపు చూశాడు. ఆగిపోయాడు. తర్వాత మెల్లగా నడిచొచ్చి మా కింద గోడ దగ్గర నిలబడ్డాడు. అతన్ని పిలవడానికి వచ్చిన ఇద్దరు ఆటగాళ్ళు ఏమనుకున్నారో, వాళ్ళూ అతని పక్కనే నిలబడిపోయారు. వాళ్ళని చూసి లోపలికి వెళ్ళినవాళ్ళలో కొందరు వెనక్కి వచ్చారు. ఎవరో సన్నగా పాడటం మొదలుపెట్టారు. అన్న పాడలేదు. తాతయ్యకి ఆ పాటలో మాటలు రావు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఊరికే నిలబడ్డారు.

పాట ఆగాక తాతయ్య మెట్లు దిగి, గోడ మీదినుంచి వంగి, పొట్లం అన్న చేతిలో పెట్టాడు. ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుని, "వెళ్ళొస్తా నాయనా" అన్నాడు. అన్న నా వైపు చూశాడు. వెళ్ళి మళ్ళీ వస్తాడట అని ఇంగ్లీషులో చెప్పాను. అన్న ఆ చేతుల మీద తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అతను జట్టు మానలేదు. తర్వాతి ఆట గెలిచారు. ఎవరూ చెప్పకుండానే అందరూ ఆ గోడ దగ్గరికి వచ్చి పాడారు. అప్పటికి తాతయ్య విమానం ఎక్కేశాడు. ఫోన్‌లో చెబితే, "పూర్తిగా పాడారా? మధ్యలో ఎవరూ లేచిపోలేదు కదా?" అని అడిగాడు. మళ్ళీ వేసవికి టికెట్ బుక్ చేస్తామని అమ్మ అంటూనే ఉంది. వేసవి రాకముందే ఆయన పోయాడు.

మేం ఇండియా వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. తిరిగి బయల్దేరేటప్పుడు గుమ్మంలో అమ్మమ్మ నిలబడి ఉంది. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, తల వంచుకుని కారెక్కాను. ఆయన నేర్పిన మర్యాద ఆయన గుమ్మంలోనే పాటించాల్సి వచ్చింది.

నేనూ ఆ కాలేజీలోనే చదివాను. ఇప్పటికీ ఆటకి వెళ్తే పాట అయ్యేదాకా కదలను. ఎవరింట్లోనైనా దుఃఖం ఉంటే ముందుగా లేచేది నేను కాను. స్టేడియం ఖాళీ అయ్యాక, చలి ఎంత ఉన్నా టోపీ తీసి, పక్క సీటు వైపు తిరిగి, ఆ రోజు తాతయ్య ఇంటి గుమ్మంలో మింగేసిన మాట ఇక్కడ అంటాను. వెళ్ళొస్తా తాతయ్యా.