పెదనాన్న నిలబెట్టిన సాల్ స్తంభం

మా పెదనాన్న పోయారు. పోయిన శనివారం పొద్దున్న అగ్రికో కాలనీ ఇంట్లో కాఫీ తాగి, పేపరు చేతిలోకి తీసుకుని, విప్పకుండానే వెళ్లిపోయారు. హాయిగా పోయారని అందరూ అన్నారు. నాకు మాత్రం కోపమొచ్చింది. ఆయనతో పోట్లాడవలసినవి ఇంకా బోలెడున్నాయి.

మా ఊరి ఉక్కు కారఖానాలో సివిల్ ఇంజనీరుగా పనిచేశారు. కాపురమంతా కంపెనీ క్వార్టర్లోనే. మేకు కొట్టాలన్నా ఆఫీసువాళ్లని అడగాల్సిన ఇల్లది. అందుకేనేమో ఎవరింటికి వెళ్లినా ముందు గోడలు తట్టి చూసేవారు. మా అన్నయ్య పెళ్లిచూపుల్లోనూ అదే పని. పెద్దమ్మ ఆయన చెవి దగ్గర గొణిగింది: "ఏటండీ, పిల్లని సూడ్డానికొచ్చారా, ఇంటినా?"

"పిల్లని మీరు సూడండి. సున్నం నేను సూత్తాను."

ఇంతా చేసి, మా ఇంట్లో కారే కుళాయిని ఏనాడూ బాగుచేయలేదు.

తొంభైల్లో ఒక ఆదివారం సువర్ణరేఖ నది అవతల ఉన్న పాత జమీందారీ ఇంటికి నన్నూ తీసుకెళ్లారు. మధ్యలో మట్టిగోడల పెద్దగది, దాని చుట్టూ తర్వాతి తరం కట్టిన ఇటుక గదులు, వాటి ముందు తెల్లదొరల కాలంనాటి కమానుల వరండా. చొక్కా మీద చొక్కా తొడిగినట్టుంది. ఆ ఇంటి పెద్దకోడలు పర్లాకిమిడి వైపు తెలుగింటి ఆడపడుచు. మట్టిగోడల గదిలో ఊరి పిల్లలకు బడి నడిపేది.

ఆవిడ మరిది టెల్కో కాలనీలో ఉండే ఇంజనీరు. బడి గది చాలడం లేదని, వదినగారి మీద గౌరవంతో, గోడలో పెద్ద దారి తీయించి పైన ఇనప గర్డర్ వేయించాడు. మా ఊళ్లో ఏ జబ్బుకైనా మందు ఇనుమే కదా! రెండు వానాకాలాలు తిరిగేసరికి గోడలు బీటలు వారాయి. పిల్లల మీద పడుతుందన్న భయంతో, ఇల్లు కూల్చాల్సిందేనని పెదనాన్న చేత ఒక్కమాట చెప్పించుకోవాలని అతని తాపత్రయం. ఆ మాట వస్తే బడి మూతపడినట్టే. ఊళ్లో దానికి వేరే చోటు లేదు.

పెదనాన్న మధ్యాహ్నం దాకా గోడలు తట్టారు. ఒకచోట పూత పెళ్లగించారు. లోపల నల్లగా, ఆ అడవుల్లో దొరికే సాల్ చెట్టు కర్ర స్తంభం కనిపించింది.

"ఈ గోడలేటీ మొయ్యట్లేదమ్మా. కప్పంతా లోపలున్న స్తంభాల మీదుంది. అందులో ఒకదాన్ని కోసీసి, ఆ బరువు తెచ్చి మట్టి మీదెట్టారు."

గర్డర్ తీస్తే కప్పు కూలుతుందని మరిది హిందీలో వాదించాడు.

"బతుకంతా ఇనుము తిండి తిన్నోణ్ని, నేనే సెప్తన్నాను. ఇక్కడ అది పనికిరాదు. కోసీసిన చోట సాల్ స్తంభం నిలబెట్టండి. గర్డర్ దించీండి. గోడ కూడా తీసీండి, అదేటీ మొయ్యనప్పుడు ఎందుకది? గది మీక్కావలసినంత అవుద్ది."

పెద్దకోడలు, "అన్నయ్యగారూ, పిల్లల్ని మళ్లీ ఇందులో కూకోబెట్టొచ్చునా? అదొక్కటీ సెప్పండి" అంది.

"కూకోబెట్టొచ్చు. ముందు నేను కూకుంటాను."

అన్నంత పనీ చేశారు. కొత్త స్తంభం నిలబెట్టి గర్డర్ దించే రోజున, సరిగ్గా దాని పక్కనే కుర్చీ వేయించుకున్నారు. వెంట వచ్చిన పెద్దమ్మ బయటికి రమ్మని వరండాలోంచి ఏడుస్తూ కేకలేసింది.

"నా లెక్క మీద నాకే నమ్మకం లేపోతే, పిల్లల్నెలా కూకోమంటానే?"

గర్డర్ కదిలింది. పైనుంచి మట్టి రాలింది. పెదనాన్న టీ గ్లాసు మీద అరచెయ్యి అడ్డుపెట్టుకున్నారు. రాలడం ఆగాక చెయ్యి తీసి, మిగతా టీ తాగారు. కప్పు ఇసుమంతైనా కదల్లేదు. అంత గర్వం నాకు మళ్లీ ఎవర్ని చూసీ కలగలేదు.

ఆయన పోయిన కబురు నోటితోనే చెప్పాలని నిన్న ఆ ఇంటికి వెళ్లాను. బడి నడుస్తోంది. గోడ లేని పెద్ద గదిలో వరసగా స్తంభాలు, వాటికి ఆనుకుని పిల్లలు. జుట్టు నెరిసిన పెద్దకోడలు పాఠం ఆపి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆయన నిలబెట్టిన స్తంభం ఏదని అడిగాను. ఒకదాని దగ్గరికి వెళ్లింది. కాదనుకుని పక్కదాని దగ్గరికి వచ్చింది. పిల్లల వీపులూ నూనె తలలూ రుద్దుకుని అన్నీ ఒకే నలుపుకి తిరిగాయి.

"ఏటోనమ్మా," అంది, రెండింటి మీదా చెరో చెయ్యీ వేసి, "ఇప్పుడు తెలీట్లేదు."