మామయ్య గడ్డి మిషనుకి రంగు వేశాడు

మా మామయ్యకి ఇనుప వస్తువు కనబడితే చేతులు ఊరుకోవు. ఎన్నో గేట్లకీ, దుకాణాల బోర్డులకీ రంగులు వేసిన మనిషి. ఆ పని మానేశాక ఇంటి మీద పడ్డాడు. కిటికీ ఊచలు, బకెట్టు పిడి, అత్తయ్య కుట్టుమిషను, ఆఖరికి స్నానాలగది గొళ్లెం. ఆ గొళ్లెం ఆరకముందే అత్తయ్య లోపలికి వెళ్లి గడియ వేసుకుంది. మళ్లీ బయటికి రావడానికి పక్కింటివాళ్లని సుత్తి పట్టుకు రమ్మని కేకలు పెట్టాల్సి వచ్చింది. "నేను రంగు వేశానంటే ఇనుముని గాలి కూడా తాకలేదు" అని ఆయన గొప్ప. ఈ మాట నాకు ఊహ తెలిసినప్పటినుంచీ వింటున్నాను.

ఆయన పని మానింది వయసు వల్ల కాదు, చేతుల వల్ల. అక్షరం అంచు వెంట్రుకవాసి పక్కకి జరిగినా బోర్డంతా చెరిపి మళ్లీ రాసే మనిషికి కుడిచెయ్యి వణకడం మొదలైంది. అది వయసుతో వచ్చేదేనని డాక్టరు చెబితే, కుర్రాడివి నీకేం తెలుసని ఆయన్నే కోప్పడి వచ్చాడు. కొన్నాళ్లు ఇంట్లో కూర్చుని అందరి మీదా విసుక్కున్నాడు. తర్వాత వీధి చివరి బడిలో మైదానం గడ్డి కోసే పని దొరికింది, మా అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి.

బడి వాళ్ల పెట్రోలు మిషను బాగా పాతది. తాడు లాగితే కాస్త దగ్గి, పొగ వదిలి, ఆ తర్వాత వీధంతా వినబడేలా మోగుతుంది. ఈసారి సెలవుల్లో మామయ్య దాన్ని ఇంటికి తోసుకొచ్చి దొడ్లో పెట్టుకున్నాడు. ఎందుకో నేను చెప్పక్కర్లేదు. ఏ ముక్కకి ఆ ముక్క విప్పి, రుద్ది, ఒళ్లంతా ఆకుపచ్చ, మూతకి ఎరుపు, అంచుకి పసుపు వేశాడు. బోల్టుల్ని కూడా వదల్లేదు, ఒక్కొక్కదాన్నీ డబ్బాలో ముంచి తీశాడు. అన్నీ బిగించాక మిషను పెళ్లికూతురిలా మెరిసిపోయింది. తాడు లాగితే మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆ సంగతి తెలిసి బడి పెద్ద టీచరు ఇంటికే వచ్చింది. బడి తెరవగానే, శనివారం పిల్లలకి పరుగు పందేలున్నాయి.

"శనివారానికి ఇది నడిస్తే సరే, లేకపోతే పాత సామాన్ల వాడికి ఇచ్చేద్దాం. కరెంటు మిషను ఒకటి తెప్పించి పెట్టాను. అసలు చప్పుడే ఉండదు, చేతికి అదురు కూడా తెలీదు. దాన్ని కూడా మీరే నడపాలి సుమండీ, మాకు ఇంకెవరున్నారు?" అంది.

ఆవిడ ఎంతో మర్యాదగా చెప్పింది. ఉద్యోగం ఎక్కడికీ పోలేదు, పైగా కొత్త మిషను. ఎగిరి గంతెయ్యాల్సిన మనిషి మూతి ముడుచుకుని దొడ్లోకి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. ఈయన మొండితనానికి అంతులేదా అని వంటింట్లో అత్తయ్యని నిలదీశాను.

"మొండితనం కాదే పిచ్చిదానా," అంది అత్తయ్య గిన్నెలు తోముతూనే. "ఆ పాత మిషను పట్టుకుంటే ఎవరి చేతులైనా వణుకుతాయి. మీ మామయ్య చెయ్యి వణుకుతోందని ఎవరికీ తెలీదు. చప్పుడూ అదురూ లేని మిషను ఇచ్చి మైదానం మధ్యలో నిలబెడితే, అంతమంది పిల్లలు చూడరూ?"

ఇన్నాళ్లూ ఆయన్ని ఆటపట్టించడమే తప్ప ఆ వైపు ఆలోచించనే లేదు. చిరాకు పడినందుకు సిగ్గేసి, సాయం చేద్దామని దొడ్లోకి వెళ్లాను.

మామయ్య ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. ఇంజనులో పెట్రోలుని అంటించే నిప్పురవ్వ ఆ ప్లగ్గు కొసలోనే పుడుతుంది. ప్లగ్గుకి తీగ తొడిగి, దాని ఒంటిని ఇంజను ఒంటికి ఆనించి పట్టుకోమన్నాడు. తను తాడు లాగాడు. కొసలో ఏమీ లేదు. మళ్లీ లాగాడు. చీకటిగా ఉంటే కనబడుతుందని ఇద్దరం దుప్పటి ముసుగేసుకుని చూశాం. లోపల మామయ్య మొహమే సరిగ్గా కనబడలేదు కానీ, రవ్వ మాత్రం లేదని తేలిపోయింది. దుప్పటి కింద మేం ఏం చేస్తున్నామోనని పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది.

కొత్త ప్లగ్గు తెచ్చాం. లాభం లేదు. ఇంజనుని ఆపే తీగ ఎక్కడైనా ఒరుసుకుంటోందేమోనని దాన్ని విప్పి పక్కన పెట్టాం. లాభం లేదు. చివరికి మామయ్య చేతులు దులుపుకుని, రవ్వకి కరెంటు పుట్టించే కాయిలే పోయిందని తేల్చేశాడు. అంత పాత మిషనుకి కాయిల్ ఎక్కడా దొరకదు. ఆయన మెట్టు మీద కూలబడ్డాడు.

అప్పుడు అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏమండీ, రంగు వెయ్యకముందు నడిచింది కదా?"

"రంగుకీ రవ్వకీ సంబంధం ఏమిటి? నీకు తెలీని విషయాల్లో వేలు పెట్టకు."

"నాకేం తెలీదు. మీరు చెప్పిందే చెబుతున్నాను. మీ రంగు దాటి గాలే తాకలేదన్నప్పుడు, కరెంటు మాత్రం ఎలా తాకుతుంది?"

మామయ్య ఆవిడదే తప్పని చూపించడానికే అన్నట్టు, ఇంజను మీద వేలిగోరంత మేర రంగు గీకి, ప్లగ్గుని ఆ తెల్లటి ఇనుముకి ఆనించి తాడు లాగాడు. రవ్వ రాలేదు.

"చూశావా!" అన్నాడు. గెలిచినందుకు సంతోషపడాలో, మిషను పోయినందుకు ఏడవాలో ఆయనకే తెలియలేదు.

"లోపల కూడా వేశారుగా," అంది అత్తయ్య.

ఆయన మూత విప్పాడు. కాయిల్ కాళ్లకి రంగు, అవి కూర్చునే చోట రంగు, బిగించిన బోల్టులకి మర వరకూ రంగు. ఇనుముకి ఇనుము ఎక్కడా తగలకుండా అంత శ్రద్ధగా వేసిన మనిషి లోకంలో ఇంకొకడు ఉండడు. నేను గీకుతానంటే ఒప్పుకోలేదు, అత్తయ్య అడిగినా ఇవ్వలేదు. తను వేసిన రంగుని తనే, కన్నబిడ్డకి జుట్టు తీస్తున్నంత బాధగా గీకాడు. తర్వాత కాయిల్‌కీ, కింద తిరిగే చక్రానికీ మధ్య అట్టముక్క పెట్టి సందు కుదిర్చి, బోల్టులు బిగించి, అట్ట లాగేశాడు.

ఈసారి ప్లగ్గు కొసలో నీలం రవ్వ టప్పున ఎగిరింది. దుప్పటి అక్కర్లేకపోయింది. నేను గట్టిగా అరిచాను. ప్లగ్గు బిగించి, ఆపే తీగ మళ్లీ తగిలించి తాడు లాగితే మిషను దగ్గి, పొగ వదిలి, మోగింది. కాలిన రంగు వాసన ఇల్లంతా నిండిపోయింది. దాని గురించి అత్తయ్య చాలాసేపు మాట్లాడింది కానీ, ఆ మోతలో ఎవరికీ వినబడలేదు.

శనివారం పిల్లలు రాకముందే మేం ముగ్గురం మైదానానికి వెళ్లాం. మామయ్య ఈ చివరినుంచి ఆ చివరికి దారం పట్టి గీసినట్టు కోసుకుంటూ పోయాడు. పెద్ద టీచరు గట్టు మీద నిలబడి చూసి, కరెంటు మిషను ఇప్పుడప్పుడే అట్టపెట్టెలోంచి తియ్యనని చెప్పి వెళ్లింది. ఆయన మొహం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

ఒక్క వరస మిగిలి ఉండగా అత్తయ్య లేచింది.

"ఏదీ, నన్నోసారి కొయ్యనివ్వండి."

ఇన్నేళ్లలో ఆవిడ ఆ మిషనుని ముట్టుకున్నది లేదు. మామయ్య ఆశ్చర్యపోయి పిడి వదిలాడు. ఆవిడ కోసిన వరస వంకరటింకరగా ఎటో పోయి, ఎలాగో చివరికి చేరింది. మిషను ఆపి, చెమట తుడుచుకుంటూ వచ్చి మా పక్కన కూలబడింది. నేను గ్లాసుతో నీళ్లిస్తే అందుకుంది. చెయ్యి కుదురుగా నిలవలేదు. నీళ్లు తొణికి ఒళ్లో పడ్డాయి.

"ఇదేమిటండీ, మిషను ఆపేశాక కూడా ఇలా వణుకుతోంది? తగ్గుతుందా?"

మామయ్య ఆవిడ చేతినే చూస్తూ ఉండిపోయాడు.

"నీకు కాసేపట్లో తగ్గిపోతుందిలే," అన్నాడు.

గ్లాసు తను కుడిచేత్తో తీసుకుని ఆవిడ నోటి దగ్గర పెట్టాడు. సగం నీళ్లు ఆవిడ మీదే ఒలికాయి. అత్తయ్య మిగిలినవి తాగింది.