“ఒక్కదాన్నే” అనని బిడ్డ

ఈ సంగతి మా ఇంట్లో ఇప్పుడు నవ్వులాటగా మారింది. చుట్టాలొస్తే చెప్పుకొని నవ్వుతారు. అందులో నేను పుస్తకాలు చదివి మతి పోగొట్టుకున్న మనిషిని. ఆ కథే నిలిచిపోకూడదని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా బడిచదువు ఏడుతోనే ఆగింది. పెళ్లయి మంచిర్యాలలో కంపెనీ క్వార్టర్‌కు వచ్చాక, ఆయన గనికి పోగానే గ్రంథాలయానికి నడిచేదాన్ని. పిల్లల పెంపకం మీద అక్కడున్న పుస్తకాలన్నీ చదివాను. చదివినట్టే బిడ్డకు అన్నం వండడం, కుక్కర్ రబ్బరు మార్చడం, ఫ్యూజు వేయడం నేర్పాను. పదో తరగతి కాగానే ఆమెకు కరీంనగర్‌లో హాస్టల్ ఉన్న కాలేజీలో సీటొచ్చింది. ఆయన అడ్డం తిరిగాడు.

“ఒక్కతెకు బస్సెక్కి దిగుడే రాదు. గంత దూరం ఎట్లుంటదే?”

“ఎండకాలం సెలవులల్ల వాళ్ల అమ్మమ్మ ఊరికి ఒక్కదాన్నే తోలుత. మంచిగ పోయొస్తే ఒప్పుకుంటవా?”

“ఒప్పుకుంట పో.”

మా అమ్మను నేను అవ్వ అంటాను. ఆమె ఊరు పెద్దపల్లి అవతల. బస్సు దిగి ఆటో ఎక్కాలి. బోర్డు చదవడం, తప్పు చోట దిగితే ఎవరిని అడగాలో అన్నీ చెప్పాను. మొదటిసారి కండక్టరమ్మకు బిడ్డను చూపించి నేను దిగిపోయాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం బిడ్డ పోయేది. సెలవు రోజైనా డ్యూటీ పడిందని చెప్పి ఆయన మొదటి వారం నుంచే బండి తీసుకొని వెళ్లేవాడు.

నేను ఫోన్ చేసి, “ఒక్కదానివే పోయినవా బిడ్డా?” అని అడిగేదాన్ని.

“మంచిగనే చేరిన అమ్మా.”

గ్రంథాలయానికి వచ్చే ఆడవాళ్లందరికీ ఈ సంగతి గొప్పగా చెప్పాను.

సెలవులు అయిపోతుండగా మా అవ్వను చూడాలని నేనే ఆ బస్సెక్కాను. అదే కండక్టరమ్మ నన్ను గుర్తుపట్టింది.

“అక్కా, ఇయ్యాల బిడ్డ రాలే? బావ బండి గూడ కనవడ్తలేదు.”

“ఏం బండి?”

“ఎప్పుడు బస్సెన్కనే వస్తడు గద! గోదారి బ్రిడ్జి మీద పిల్ల కిటికీలకెల్లి చెయ్యూపుతది. జర నవ్వొస్తది నాకు.”

నాకు నవ్వు రాలేదు. ఊళ్లో దిగి మా అవ్వను నిలదీశాను.

“ఎర్కనే బిడ్డా. ఆటో ఎందుకని పెద్దపల్లి నుంచి బండి మీదనే తెచ్చేటోడు. నీకు చెప్పద్దన్నడు. పాపం, ఇంత అన్నం తిని పోయేటోడు.”

ఇంటికొచ్చి ఆయన్ని అడిగాను. ఆయన తడుముకోలేదు.

“నా పానం ఆగలే. ఆడివిల్లాయె.”

అది నాకు అర్థమైంది. తండ్రి గదా అనుకున్నాను. “సరే, ఎన్కాల పోయినవ్ పో. మరి సీటు సంగతి?” అన్నాను.

“ఒక్కతె ఎన్నడు పోయిందే? నువ్వే చెప్పు. ఒక్కపారన్న పోలే గద!”

వెంటపడి తానే పాడుచేసిన పరీక్షలో బిడ్డ తప్పిందని తానే తీర్పు చెప్పాడు. నేను బిడ్డ వైపు తిరిగాను.

“నువ్వన్న నాకు చెప్పద్దా?”

“ఒక్కదాన్నే పోయిన అని నేనెన్నడన్న అన్ననా అమ్మా?”

అనలేదు. ఎన్నడూ అనలేదు. పుస్తకంలో అచ్చుతప్పు ఉంటే పట్టుకునేదాన్ని, నా బిడ్డ జవాబులో ఆ ఒక్క మాట లేదని పట్టుకోలేకపోయాను.

“నీకు కరీంనగర్ పోవాలని లేదా?”

“బాపు ఎన్కాల వస్తనంటే పోత.”

సీటు పోయింది. మంచిర్యాలలోని కాలేజీలోనే చేరింది. పొద్దున ఆయనే బండి మీద దింపుతాడు. ఇద్దరూ నవ్వుకుంటూ గేటు దాటుతారు.

ఇది రాయడానికి తోడ్పడినవాళ్లకు దండం పెట్టాలి. గడువు దాటినా పుస్తకం అడగని గ్రంథాలయం సారుకు, రాసినంతవరకు నాతో చదివించుకొని విన్న పక్క క్వార్టర్ వదినకు, తెలియకుండానే నిజం చెప్పిన కండక్టరమ్మకు, దాచినా అడగ్గానే ఒప్పుకున్న మా అవ్వకు. మిగిలిన ఇద్దరూ నా ఇంట్లోనే ఉన్నారు. వాళ్లకు దండం పెట్టడానికి నాకింకా చేతులు రావడం లేదు.