దావీదురాజు కొట్టిన తప్పెట

డోన్ నూనె మిల్లుకు ఒక ఫుట్‌బాల్ టీము ఉండేది. దాని యజమాని గోపన్న శెట్టి. అది తమదే అనుకునేవాళ్లు మాత్రం ఊళ్లో సగం మంది. మిల్లు హమాలీలు, రైల్వేవాళ్లు, సంతలో కూరగాయలమ్మేవాళ్లు, ఆట ఉన్న సాయంత్రం అందరూ మైదానంలోనే. వాళ్ల కేకలకు తోడు దావీదురాజు తప్పెట.

దావీదురాజు చెప్పులు కుట్టేవాడు. టీము బంతి పిగిలితే కుట్టేదీ, బ్లాడరుకు గాలి కొట్టి మూతి దగ్గర తోలుదారం బిగించేదీ ఆయనే. బాప్తిస్మం తీసుకున్నాక జాతరలకు తప్పెట కొట్టడం మానేశాడు. ఆటకు మానలేదు. "పాస్టరయ్య అడిగినాడు. బంతికి కొడతాండా, బొమ్మకి కాదు గదయ్యా అన్యా. నగి ఊరకైనాడు," అని చెప్పాడు నాతో.

మిగతాది అంత సులువుగా చెప్పలేదు. నేను చెప్పులు కుట్టించుకోవడానికి పోయినప్పుడల్లా కొంత చెప్పేవాడు. ఒక చోటికి వచ్చేసరికి ఆగి, నోట్లో పెట్టుకున్న దారం తీసి పక్కన పెట్టి, "ఇంగ పోప్పా, పొద్దుబోయింది," అనేవాడు. పొద్దు ఇంకా నెత్తిమీదే ఉండేది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. టీముకు గోలు కాసేవాడు హనుమన్న, అదే మిల్లులో బస్తాలు మోసే హమాలీ. ఒక ఆటలో ఎదుటివాడి కాలు తగిలి అతని మోకాలు చితికింది. మూడు నెలలు మంచం మీద ఉండి, ఊతకర్రతో మిల్లుకు పోతే శెట్టి పనిలో పెట్టుకోలేదు. "కుంటోనితో బస్తాలు ఎట్ల మోయించల్ల?" అన్నాడు. కాటా దగ్గర కూర్చునే పని ఇవ్వమన్నారు జనం. శెట్టి వినలేదు.

అప్పుడు రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ కంబన్న అందరినీ కూడగట్టాడు. టీము మొదటిసారి కప్పు ఫైనలుకు వచ్చింది. కర్నూలు నుంచి పెద్ద ఆఫీసరు రాబోతున్నాడు. ఆ రోజు ఒక్కరూ మైదానంలోకి పోకూడదు. ఆఫీసరు ముందర ఖాళీ మైదానం చూసుకుని శెట్టే దిగివస్తాడు. ఇదీ కంబన్న ఎత్తు.

"దిగొచ్చినాడని మనకి ఎట్ల తెలుస్తాది?" అని ఎవరో అడిగారు. మైదానం చుట్టూ ఆ రోజుకోసం తడికలు కట్టించాడు శెట్టి. బయటివాళ్లకు లోపలిది కనపడదు.

"సిగ్నలు పడితేనే బండి కదలల్ల. బంతి కుట్టేదానికి దావీదు ఎట్లైనా లోపల ఉంటాడు గదా? శెట్టి ఒప్పుకుంటే తప్పెట కొడతాడు. కొట్టేదాకా మీ కాళ్లు లోపల పడితే ఇరగ్గొడతా," అన్నాడు కంబన్న.

ఆ సాయంత్రం మైదానంలో కుర్చీలేసి ఉన్నాయి, కూర్చునేవాళ్లు లేరు. ఆఫీసరు కారు దిగాడు. గుత్తి నుంచి వచ్చిన టీము ఒక పక్క, మిల్లు టీము ఒక పక్క. మిల్లు ఆటగాళ్లు తడికల వైపే చూస్తున్నారు. తడికల అవతల వందలమంది ఉన్నారు, ఒక్కరూ దగ్గడం లేదు.

శెట్టి దావీదురాజు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు: "ఏమిరా, దొర వచ్చినాడు. సావు పడిన ఇల్లు మాదిరి ఉండాది. మర్యాదకి రెండు దెబ్బలు కొట్రా."

"హనుమన్న సంగతి, సామీ?"

"ముందు ఆట కానీ."

దావీదురాజు గడ్డి మంట మీద తప్పెట కాచాడు. పెద్దమనుషులు వస్తే కొట్టే దెబ్బ వేరు, మెల్లగా నాలుగు దెబ్బలు. ఆటకు కొట్టేది వేరు, ఉరుకుతుంది; తడికల అవతల జనం కాచుకున్నది దానికే.

"చేతులు వాటంతట అవే ఆట దెబ్బ కొట్టినాయని శానా ఏండ్లు చెప్పుకుంటి," అన్నాడు నాతో. "అబద్ధమప్పా. మన పిల్లోళ్ల మొగాలు చూస్తి. జనం లేకుంటే ఓడిపోతారనిపించె. ఫైనలు మల్ల ఎప్పుడొస్తాదో. నాకు ఆట చూడల్లని ఉండె. అంతే."

తప్పెట వినపడగానే తడికలు పడిపోయాయి. జనం ఈలలేసుకుంటూ లోపలికి దూకారు. అందరికంటే ముందు వచ్చింది కంబన్న. "ఒప్పుకున్యాడా?" అని అరిచాడు.

దావీదురాజు తల ఊపాడు.

ఆయన ఆగిపోయే చోటు ఇదే. తప్పెట కొట్టినదానికి ఏదో సాకు చెప్పుకోవచ్చు. ఆ తల ఊపుడుకు సాకు లేదు. గెలిస్తే శెట్టి సంతోషంలో ఉంటాడు, అప్పుడు అడిగి ఒప్పిద్దాం, అబద్ధం నిజమైపోతుంది అనుకున్నాడు.

గెలిచారు. దండలు వేసుకున్న శెట్టిని జనంలో తోసుకుంటూ పోయి అడిగాడు కూడా. "రేపు చూస్తాం లేరా," అన్నాడు శెట్టి.

ఫైనలుకు హనుమన్న రాలేదు. ఇంటి ముందర మంచం మీద ఉన్నాడు. తప్పెట అక్కడికీ వినిపించింది.

మరునాడు మిల్లు కూత కంటే ముందే, ఉతికిన చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, కర్ర ఊతతో హనుమన్న మిల్లు గేటు ముందర నిలబడ్డాడు. దావీదురాజు కూడా అప్పుడే శెట్టిని మళ్లీ అడగడానికి వచ్చాడు.

"ఎవురు రమ్మన్యారు నిన్ను?" అన్నాడు శెట్టి.

"తప్పెట ఇన్యానయ్యా," అన్నాడు హనుమన్న.

శెట్టి నవ్వి లోపలికి పోయాడు. కప్పు చేతికొచ్చింది, ఆఫీసరు మెచ్చుకుని పోయాడు. ఇక ఆయనకు ఎవరితో పని? గేటు మూశారు. హనుమన్న దావీదురాజు వైపు ఒకసారి చూసి తిరిగిపోయాడు. నెల తిరక్కుండా పెండ్లాం ఈరక్క పుట్టిల్లు ఆత్మకూరుకు కాపురం మార్చేశాడు.

సంగతి తెలిశాక కంబన్న తిట్టలేదు. ఎదురైనప్పుడల్లా, "జరుగుండప్పా, సిగ్నలాయన వస్తాండాడు, బండి గుంతలో పడతాది," అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. దావీదురాజు తప్పెట అటక మీద పెట్టేశాడు. పాస్టరయ్యకు చెప్పుకుంటే, దేవుడు క్షమించాడన్నాడట. "దేవుడు క్షమించె, సరే. హనుమన్న ఆత్మకూరులో ఉండాడు గదా," అన్నాడు దావీదురాజు నాతో.

రెండేళ్లకు బస్సెక్కి ఆత్మకూరు పోయాడు. హనుమన్న వెదురు డిపోలో కూర్చుని తట్టలు అల్లుతున్నాడు. దావీదురాజు నిలబడే అంతా చెప్పాడు, తల ఊపిన సంగతితో సహా.

ముందు ఈరక్క అందుకుంది. "ఆ పొద్దు ఓళిగలు చేస్తినన్నా. పని వచ్చెనని ఈదంతా పంచితి. తెల్లారి వాళ్ల మొగాలు ఎట్ల చూడల్ల నేను?"

హనుమన్న అల్లడం ఆపలేదు. తల ఎత్తకుండా అడిగాడు.

"రెండో గోలు ఎవురేసిరి?"

"నాగన్న."

"ఎడమ పక్కనుంచేనా?"

"ఎడమ పక్కనుంచే. గిడ్డయ్య బంతి ఇచ్చె..."

దావీదురాజు మొదలుపెట్టాడు. కూర్చున్నాడు. వెదురు ముక్కలు పేర్చి ఎవరు ఎక్కడ నిలబడిందీ చూపించాడు. గోలు దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడి కాలు విసిరి చూపించాడు. హనుమన్న చేతిలో తట్ట వదిలేసి వింటున్నాడు. ఈరక్క లోపలికి పోయింది.

"క్షమించినాడా?" అని అడిగాను నేను.

"అడగలేదప్పా," అన్నాడు దావీదురాజు. "అడిగేదానికే పోయింటి. గోలు చెప్తా చెప్తా నాకు మల్ల ఆ పొద్దు మాదిరే సంతోషమాయ, వాని కాలు నా ముందరే చాపుకొని ఉండంగా. ఇంగ ఏ మొగం పెట్టుకొని అడగల్ల?"