వాయిస్తుంటే పుట్టిన పాట

సంగీత కళాశాలలో పిల్లలు ఆవిడను గడియారం మేడం అనేవాళ్లు. తాళం వెంట్రుకవాసి తప్పినా ఊరుకోదు మరి. ఆవిడ వాయించేది హార్ప్సికార్డ్. పియానోకి ముత్తవ్వలాంటి వాద్యం. మెట్టు నొక్కితే లోపల చిన్న ములుకు తీగను మీటుతుంది. మూడొందల ఏళ్ల నాటి యూరప్ బరోక్ రచనలను కాగితంలో ఉన్నవి ఉన్నట్టు వాయించి, సభలోని పెద్దమనుషులను హాయిగా నిద్రపుచ్చడం ఇరవై ఏళ్లుగా ఆవిడ ఉద్యోగం.

మరిది ఇంకో రకం. హోటల్ బ్యాండులో బేస్ అనే నిలువెత్తు తీగవాద్యం వాయిస్తాడు. అతని లెక్కలో జాజ్ తప్ప మిగతాదంతా జోలపాటే.

ఒక ముసురు మధ్యాహ్నం ఆవిడ తీగలు శ్రుతి చేసుకుంటోంది. పక్కగదిలో మరిది నాలుగే స్వరాలు తిప్పి తిప్పి వాయిస్తున్నాడు. ఆవిడకు ఒళ్లు మండి, ఆపమని అరవబోయి, అదేమిటో, దాని మీద తనూ ఒక స్వరాల ముక్క విసిరింది. అతను దాన్ని అందుకుని, వంకర తిప్పి, వెనక్కి పంపాడు. అలా అరగంట పోట్లాడుకున్నారు.

"వదినా, కాగితం లేకుండా వాయిస్తున్నావు. ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు గుమ్మంలోకి వచ్చి.

"పాతకాలం వాళ్లు చాలాసార్లు కింది మంద్రస్వరాల వరసే రాసిపెట్టేవాళ్లు. పైనంతా వాయించేవాళ్ల ఇష్టం. మీ జాజ్ వాళ్లే కనిపెట్టినట్టు ఫోజులు కొట్టకు."

వంటింట్లోంచి అత్తగారు గొంతెత్తింది. "ఇప్పుడు బాగుందమ్మాయ్! ఇన్నాళ్లూ చెంచాలు దులుపుతున్నావనుకున్నా."

ఆ మెచ్చుకోలుతో ఇద్దరూ కళాశాల కచేరీకి పేర్లిచ్చారు.

"ఎవరి రచనండీ?" అన్నాడు ప్రిన్సిపాల్.

"ఇంకా పుట్టలేదు సార్. వాయిస్తుంటే పుడుతుంది," అంది ఆవిడ.

"సభలో పురుడు పోసుకుంటారా!" అని ఆయన తల పట్టుకున్నాడు.

కచేరీ రోజు ఆవిడ ఒక పాత నాట్యగతితో మర్యాదగానే మొదలుపెట్టింది. కింద బేస్ నడుం ఊపడం మొదలెట్టగానే ముందు వరుసలో రెండు గురకలు ఆగిపోయాయి. అంతా దారిన పడుతుండగా ఒక మెట్టు మొరాయించింది. స్వరం లేదు, ఉత్త 'టక్' అని చెక్క చప్పుడు. ఆవిడ ఇరవై ఏళ్లుగా ఏ భయంతో గడియారంలా బతికిందో, ఆ భయం ఎదురుగా వచ్చి కూర్చుంది.

"కానీ వదినా," అని గొణిగాడు మరిది, బేస్ ఆపకుండా.

ఆవిడ పళ్లు బిగించి అదే మెట్టును మళ్లీ కొట్టింది, కావాలని. టక్. టక్. అతను బేస్ పొట్ట మీద అరచేత్తో జవాబిచ్చాడు. వెనక ఎవరో నవ్వారు. కాసేపటికి హాలంతా కాళ్లతో తాళం వేసింది. వయొలిన్ మాస్టారు ఛీకొట్టి లేచి వెళ్లిపోయాడు. పాపం, ఆయన బూట్ల చప్పుడు కూడా తాళంలోనే పడింది.

ప్రిన్సిపాల్ పరుగున వచ్చాడు. "అద్భుతం! వచ్చే నెల మళ్లీ ఇదే వాయించండి."

"ఏం వాయించామో గుర్తుంటే కదా సార్," అంది ఆవిడ.

మరుసటి నెల కచేరీ ఘోరంగా తగలడింది. మరిది ముగించేశాక కూడా ఆవిడ దారి వెతుక్కుంటూనే ఉంది. చప్పట్లు కొట్టాలో వద్దో జనానికి తెలియలేదు. ఇంటికి వెళ్లే బస్సులో, ఇద్దరి మధ్య ఇరుక్కున్న బేస్ పెట్టె మీద తల ఆనించి ఆవిడ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది.

"ఇంత దరిద్రంగా నా జన్మలో వాయించలేదయ్యా," అంది కళ్లు తుడుచుకుంటూ. "రేపు ఎప్పుడు కూర్చుందాం?"