ఎంగిలి వేలు, చిట్టి గిన్నెలు

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తల్లో నేను నార్కట్‌పల్లి దాటాక రోడ్డు పక్కనున్న ఒక రేకుల షెడ్డులో పనిచేశాను. మాది నల్లగొండ దగ్గర మగ్గం నేసే ఇల్లు. తెగిన పోగును వెతికి అతకడం చిన్నప్పుడే వచ్చింది. ఆ కళ్ళను చూసే నాకు పని ఇచ్చారు.

అక్కడ తయారయ్యేవి నువ్వుగింజంత స్టీలు గిన్నెలు. ఆయాసం ఉన్నవాళ్ళు నోట్లో పెట్టుకుని మందు పీల్చే మిషన్లలో వాటిని అమరుస్తారు. గిన్నె అడుగునున్న సన్నని రంధ్రంలోంచి మందు వస్తుంది. పలుచటి రేకు మీదికి పంచ్ అనే సన్నని ఉక్కు ములికి దిగుతుంది. ఊరికే నొక్కితే రేకు చిరుగుతుంది. అందుకని ఆ ములికిని సెకనుకు వేలసార్లు వణికిస్తారు. అల్ట్రాసోనిక్ అంటారు దాన్ని. ఆ వణుకు చెవికి అందదు, కంటికి కనపడదు. లోహం మాత్రం మైనంలా లొంగి గిన్నెలా దిగిపోతుంది.

మిషన్ నడిపే అక్క నాకంటే పదేళ్ళు పెద్దది. గొర్లు కాసే ఇంటి నుంచి వచ్చింది. మొదటిరోజు నా చేతిని మిషన్ మీద ఆనించి, "చూసినవా, గిది ఒర్రదు. గానీ పండ్లు గుంజుతయి" అంది. నిజమే, సాయంత్రానికి దవడలు లాగేవి.

నా పని మైక్రోస్కోపు కింద గిన్నెల అంచులు చూడటం. పగిలినవి ఎర్ర డబ్బాలోకి, మంచివి తెల్ల ట్రేలోకి.

మా సూపర్‌వైజర్ నోట్లో ఎప్పుడూ గుట్కా ఉండేది. గిన్నెలు పట్టుకోవడానికి సన్నని పట్టకార్లు ఉన్నా వాటిని ముట్టడు. చూపుడువేలిని నాలుక మీద రాసుకుని, ఆ తడికి గిన్నెను అంటించుకుని, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ ట్రేలోకి విదిలించేవాడు. ఆ గిన్నె ఒకటి నా మైక్రోస్కోపు కిందికి వచ్చింది. ఎర్రటి ఉమ్మి అంచు చుట్టూ పొరలా ఆరింది. అందులో వక్క పీచు. మందు రావలసిన రంధ్రం మూసుకుపోయింది. ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి, పచ్చిపులుసు చూసి, మళ్ళీ మూసేశాను.

"మల్ల కడుగుతరు గదా అక్కా?"

"ఏడ కడుగుతరు? ఆయన ఉమ్మేదే కడిగే తొట్టిల."

కొన్నాళ్ళకు పంచ్ మొన అరిగింది. గిన్నెల అంచులు పగలసాగాయి. కొన్నిటికి ముళ్ళలాంటి పీలికలు లేచాయి. ఎర్ర డబ్బా నిండేసరికి సూపర్‌వైజర్ వచ్చి చూశాడు.

"కొత్త పంచ్ వచ్చేదాక గిట్లనే నడవాలె. అన్నీ తెల్ల ట్రేల కలుపు."

"పీలికలున్నయి సార్. ఊడితే గొంతుల పడ్తయి."

"నీ గొంతుల పడ్తున్నయా? కలుపు."

కలిపాను. ఆ వారంలో నాలుగు ట్రేలు పోయాయి. ప్రతి ట్రే చీటీ మీద నా సంతకం. ఇంటికి పోయి చేతులు సబ్బుతో ఎంత రుద్దినా, ఆ చేతులతో ముద్ద కలపబుద్ధి కాలేదు.

మరుసటి సోమవారం అయిదో ట్రే నిండుతుండగా, గిన్నెలు కొనే కంపెనీ నుంచి ఒక మేడం వచ్చింది. సూపర్‌వైజర్ ఆ పొద్దు తెల్లచొక్కా తొడిగి, నోరు పుక్కిలించి వచ్చాడు. తీరా ఆమెకు గిన్నె చూపించబోయి, అలవాటు కొద్దీ వేలు నాకాడు. తడివేలి కొసన మెరుస్తున్న గిన్నెను ఆమె ముఖం ముందుకు చాచాడు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. నేను అయిదో ట్రేను మైక్రోస్కోపు కిందికి జరిపాను.

"మేడం, ఇటు రాండ్రి. ఈ ట్రే చూడుండ్రి" అన్నాను.

ఆమె కళ్ళద్దాలు తీసి మైక్రోస్కోపు మీదికి వంగింది. చాలాసేపు చూసింది.

"ఇవి పాసైనవేనా?"

"అవును మేడం. పగిలినయి కూడ కలపమన్నరు."

"ఈ ఒక్క ట్రేనా? ఇంతకుముందు పంపినవి కూడానా?"

నాలుగు చీటీలూ, వాటి మీది నా సంతకాలూ గుర్తొచ్చాయి. "ఇదొక్కటే మేడం" అన్నాను. అంతవరకు సూపర్‌వైజర్ మీదున్న రోతంతా ఆ మాటతో నా మీదికే తిరిగింది.

ఆమె ఆ ట్రేను వద్దని, పని ఆపించి వెళ్ళింది. వారానికి కొత్త పంచ్ వచ్చింది, తొట్టి మార్చారు. సూపర్‌వైజర్‌ను ఎవరూ ఏమీ అనలేదు. నన్ను మాత్రం ప్యాకింగ్‌లోకి తోశారు. వారం పని పోయిందన్న కోపంతో తోటి ఆడవాళ్ళు అన్నం వేళ నా పక్కన కూర్చోవడం మానేశారు. అక్క ఒక్కతే కూర్చునేది. ఒకరోజు ఉండబట్టలేక ఆమెకు నాలుగు ట్రేల సంగతి చెప్పేశాను. ఆమె నమలడం ఆపింది.

"గా మేడంకు ఫోన్ చెయ్."

"చీటీల మీద నా సంతకముంది అక్కా."

"ఉండనీ. సంతకం నీది, గొంతు ఇంకెవ్వలిదో."

రెండు రోజులు తటపటాయించి, ప్యాకింగ్ పెట్టెల మీదుండే కంపెనీ నంబరుకు బస్‌స్టాపులో నిలబడి ఫోన్ చేసి, మేడంను అడిగాను. మేడం అంతా విన్నది. ట్రేల నంబర్లు అడిగి రాసుకున్నది. "ఆ రోజే చెప్పాల్సింది" అని మాత్రం అని పెట్టేసింది. మర్నాడు షెడ్డు యజమాని సేటు పిలిచి రేపటి నుంచి రావద్దన్నాడు.

ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఒక కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తున్నాను. ఆ నాలుగు ట్రేలు వెనక్కి వచ్చాయో, అప్పటికే ఎవరి నోటికైనా చేరాయో నాకు ఈనాటికీ తెలియదు.