ఆ గోలు గోలే

వీడియో చూసి ఆఫ్‌సైడ్ తేల్చడం మొదలుపెడితే ఫుట్‌బాల్‌లో ఇక మజా ఉండదని సత్యవేడు టీ అంగళ్లలో అందరికంటే గట్టిగా వాదించింది నేనే. గోలు పడిన క్షణంలోనే అరవాలి, ఎగరాలి, పక్కవాణ్ణి వాటేసుకోవాలి. ఎవడో గదిలో కూర్చుని తెర మీద గీతలు గీసి, నాలుగు నిమిషాల తర్వాత ‘సరే, ఇప్పుడు సంతోషపడండి’ అంటే అదేం సంతోషం అనేవాణ్ణి. టీవీలో విదేశీ మ్యాచ్‌లు చూసేవాళ్లు కూడా నా మాటకు తలలూపేవారు. ఆ వాదనలో నిజం లేకపోలేదు. కానీ నేను వాదించింది అందుకు కాదు. అసలు కారణం మా ఇంట్లో బీరువా అరలో, నా పెళ్లినాటి పట్టుపంచె కింద దాచిన ఒక పెన్‌డ్రైవ్.

మా ఊళ్లో ప్రతి ఎండాకాలం ఫుట్‌బాల్ పోటీలు జరుగుతాయి. శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, సేద్యగాళ్లు, మేస్త్రీలు కలిసి ఊరికొక జట్టు కడతారు. నేను శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్‌లో ఉన్నాను. వెంట్రుకవాసి తేడా ఉన్న పీసును కూడా పక్కన పడేయడమే నా పని. “కొలతల మనిసి, తప్పు పోడు” అని కమిటీవాళ్లు లైన్ రెఫరీ జెండా నా చేతికిచ్చారు.

మా పోటీలకు రెండు ఆచారాలున్నాయి. గోల్‌పోస్టు వెనక పలకలనే డప్పులు వాయించేవాళ్లు నిలబడతారు. బంతి లోపలికి పోగానే వాళ్లు కర్రలు ఎత్తుతారు గానీ వెంటనే కొట్టరు. ముందు లైన్ రెఫరీ వైపు చూస్తారు. జెండా కిందే ఉంటే అప్పుడు మోగుతుంది పలక. గోలు వేసినవాడు పరిగెత్తి వచ్చి పలక మీద అరచెయ్యి ఆనించేదాకా ఆగదు. రెండోది, గీత పక్కన కుర్చీల్లో కూర్చున్న పెద్దవాళ్లు ఎండలో పరిగెత్తే లైన్ రెఫరీకి మజ్జిగ అందిస్తారు. ఆట ఆగినప్పుడే తాగాలని నియమం.

పన్నెండేళ్ల క్రితం ఫైనల్లో మాకూ కార్వేటినగరానికీ పోటీ. వాళ్లు ఒక గోలు ముందున్నారు. ఇంక రెండు మూడు నిమిషాలే ఉంది. గొంతు ఎండిపోయి నేను గ్లాసు అందుకున్నాను. ఆట ఆగలేదు. రెండో గుక్క మింగుతుండగా మావాడొకడు మధ్య నుంచి బంతిని పొడుగ్గా తన్నాడు. నా వైపు అంచున మా ఫార్వర్డ్ దూసుకుపోయాడు. ఇళ్లు కట్టే మేస్త్రి అతను. బంతి తన్నిన క్షణంలో కార్వేటినగరం చివరి డిఫెండర్ కంటే ముందుంటే అతను ఆఫ్‌సైడ్, వెనక ఉంటే కాదు. అది చెప్పాలంటే నేను ఆ డిఫెండర్‌కు సరిగ్గా సమానంగా నిలబడి చూడాలి. నేనేమో గ్లాసుతో నాలుగైదు అడుగులు వెనకబడ్డాను. డిఫెండర్ ఆవలి అంచున ఉన్నాడు. అలా వెనక నుంచి ఏటవాలుగా చూస్తే దగ్గరున్న మనిషే ముందున్నట్టు కనిపిస్తాడు. స్కేలును పక్క నుంచి చదివితే కొలత తప్పుతుందని ఫ్యాక్టరీలో కొత్తవాళ్లకు చెప్పేది నేనే. అయినా జెండా ఎత్తాను.

బంతి వలలో పడింది. పలకలవాళ్లు ఎత్తిన కర్రలు దించేశారు. పలక దాకా పరిగెత్తి చెయ్యి చాచిన మేస్త్రి అలాగే వెనక్కి తిరిగి నా మీదికి వచ్చాడు.

“అన్నా, నేను వెనకనే ఉండినా! నీ కండ్లతో సూసినావా?”

“సూసినా కాబట్టే ఎత్తినా. పో, ఆడుపో.”

మేం ఓడిపోయాం. ఆ సాయంత్రం నా పేరు మాత్రం పైకెక్కింది. సొంత ఊరికి వ్యతిరేకంగా జెండా ఎత్తినవాడంటే ఎంత నిజాయితీపరుడో అన్నారు. కార్వేటినగరం కెప్టెన్ వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. మేస్త్రికి ‘తొందరోడు’ అని పేరు పడింది. అతను గోడ కడుతుంటే దారిన పోయేవాళ్లు “ఏమప్పా తొందరోడా, గోడ గీత దాటిందేమో సూసుకో” అనేవారు. “నేను గీతలోనే ఉండినా” అని అతను ప్రతిసారీ చెప్పేవాడు. ఎంత చెబితే అంత నవ్వి, అబద్ధాలోడనేవారు. తర్వాతి ఏడు అతను ఆడటం మానేశాడు.

బహుమతుల పంపకం వీడియో తీయడానికి వచ్చిన పెళ్లిళ్ల వీడియో అతను మ్యాచ్ మొత్తం చర్చి మిద్దె మీద నుంచి తీశాడు. కమిటీలో ఉన్నానని పెన్‌డ్రైవ్ నాకే ఇచ్చాడు. మ్యాచ్ తర్వాత వచ్చిన ఆదివారమే చూశాను. గ్లాసెత్తిన నేను కనిపించాను. డిఫెండర్‌కు వెనకే ఉన్న మేస్త్రి కనిపించాడు. ఆపి, వెనక్కి తిప్పి ఐదారుసార్లు చూశాను. తర్వాత బీరువాలో పెట్టి తాళం వేశాను. వారం పోతే చెబుదామనుకున్నాను. నిజాయితీపరుడన్న పేరు తియ్యగా ఉండింది. ఆ వారం పన్నెండేళ్లయింది.

ఈ ఏడాది పోటీలకు ముందు కమిటీ కూర్చుంది. గీత వెంబడి రెండు సెల్‌ఫోన్లు స్టాండ్ల మీద నిలబెట్టి, షామియానా కింద టీవీలో చూసి ఆఫ్‌సైడ్ తేలుద్దామని ఒకరు అన్నారు. నేను లేచి మామూలు ఉపన్యాసం ఇచ్చాను. కమిటీ గది పక్కనే గోడకు సిమెంటు పూస్తున్న మేస్త్రి తాపీ పట్టుకునే లోపలికి వచ్చాడు.

“మజా పోతాది, మజా పోతాది అంటావు. ఆ దినం నా మజా యాడికి పోయినాదన్నా? వీడియో ఉండుంటే నన్ను అబద్ధాలోడని ఎవురన్నా అనుండురా?”

“మనిసి కండ్లను మించింది ఏముండాదప్పా?” అన్నాను.

అతను నన్ను చూసి మెల్లగా అన్నాడు: “నీకేమిలే అన్నా, నీ మాట అందురూ నమ్మతారు.”

తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. అతను కూడా నమ్ముతున్నట్టే అన్నాడు ఆ మాట.

చివరికి కమిటీ ఫైనల్‌కు వీడియో పెట్టి చూద్దామంది. ఆ రోజు పొద్దున షామియానా కింద టీవీ సరిచూస్తున్నారు. ఈసారి కూడా కార్వేటినగరంతోనే మ్యాచ్. వాళ్ల పాత కెప్టెన్ నెరిసిన గడ్డంతో వచ్చి కూర్చున్నాడు. మేస్త్రి మైదానంలో సున్నం గీతలు వేస్తున్నాడు. అతన్ని పిలిపించి, టీవీ దగ్గరున్నవాళ్లకు పెన్‌డ్రైవ్ ఇచ్చాను. “ముందు ఇది పెట్టండి” అన్నాను.

తెర మీద గ్లాసెత్తిన నేను కనబడగానే జనం ఘొల్లుమన్నారు. “సూడండ్రా, అన్న ఎట్ల తాగతాండాడో!” మరుక్షణం మేస్త్రి కనబడ్డాడు. నవ్వులు ఆగిపోయాయి.

“ఆపు. ఆడనే ఆపు” అన్నాను. జేబులోంచి స్టీలు స్కేలు తీసి, మైదానం అడ్డగీతకు సమాంతరంగా డిఫెండర్ మడమ దగ్గర తెరకు ఆనించాను. ఈసారి సూటిగా ఎదురుగా నిలబడే చదివాను. మేస్త్రి మొత్తం మనిషి స్కేలుకు వెనకే ఉన్నాడు.

“నేను సూడకుండా జెండా ఎత్తినా. ఆ గోలు గోలే. నాకు తెలిసి కూడా దాచినా” అన్నాను.

“ఎప్పుడు సూసినావు దీన్ని?” మేస్త్రి అడిగాడు.

“ఆ ఆదివారమే.”

అతను నా మీదికి ఒక అడుగు వేశాడు. కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. అతను నా వైపు నుంచి తిరిగి జనాన్ని చూశాడు. “నేను అబద్ధాలోణ్ణి గాదు గదా?”

“కాదప్పా! కాదు!” ఒక్క గొంతుతో అరిచారు. ఎవరు సైగ చేశారో తెలియదు, పలక మోగింది. మేస్త్రి సున్నం చేతులతోనే నడిచిపోయాడు. నడక పరుగయింది. పలక చుట్టూ ఉన్నవాళ్లు విడిపోయి దారిచ్చారు. అతని అరచెయ్యి పడేదాకా ఆపలేదు, పడ్డాక కూడా ఆపలేదు. నలభై దాటిన మనిషిని భుజాలకెత్తుకుని మైదానం చుట్టూ తిప్పారు. కార్వేటినగరం పాత కెప్టెన్ ఎగిరి ఈల వేశాడు. “ఒకటి, ఒకటి! సమానం! కప్పు ఆర్నెల్లు మాకాడ, ఆర్నెల్లు మీకాడ!” నన్ను చూపించి ఒకామె “ఈ మనిసికి ఇంక మజ్జిగ పొయ్యొద్దండి” అంటే నేను కూడా నవ్వాను. ఏడ్చాను కూడా.

ఆగితే సంతోషం పాసిపోతుందని కదా ఇన్నేళ్లూ చెప్పాను. పన్నెండేళ్లు ఆగిన గోలు అది. నా జన్మలో అంత సంబరం ఏ గోలుకూ చూడలేదు. మా ఊళ్లో పలక ఎప్పుడూ ఒక్క క్షణం ఆగి, జెండా చూసుకునే మోగేది. ఆ క్షణాన్ని చెడగొట్టింది ఆగడం కాదు, నేను.

మధ్యాహ్నం టీవీ ముందు ఎవరు కూర్చోవాలన్న మాట వచ్చింది. కార్వేటినగరం పాత కెప్టెన్ మేస్త్రి భుజం మీద చెయ్యి వేశాడు. “ఈయప్పే కూర్సోవల్ల.”

“నేనా? నేను సత్యవేడోణ్ణి గదా!”

“ఉంటే ఏమి? కూర్సో.”

ఆఖరి నిమిషాల్లో కార్వేటినగరం గోలు వేసింది. ఈసారి నా చోట ఉన్న కొత్త లైన్ రెఫరీ జెండా ఎత్తాడు. మేస్త్రి టీవీ ముందుకు వంగాడు. ఒకసారి చూశాడు, మళ్లీ చూశాడు. మైదానం చుట్టూ ఒక్క మనిషి కూర్చుని లేడు. రెండు ఊళ్లూ అతని నోటి వైపే చూస్తున్నాయి. నేనెప్పుడూ అంత ఊపిరి బిగబట్టి ఏ ఆటా చూడలేదు.

అతను లేచాడు. “గోలే. జెండా తప్పు.”

మా ఊరివాడొకడు “ఏందబ్బా...” అని మొదలుపెట్టాడు. పక్కనున్న ముసలాయన అతని చెయ్యి పట్టి కిందికి లాగాడు.

“ఆయప్ప సెప్పినాడు గదా. ఇంక కూర్సో.”